ఉగ్గాని గిన్నె మీద శంకుస్థాపన రాయి

నేను ఒక శంకుస్థాపన రాయిని. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నున్నటి నల్లరాయి. నవ్వకండి. మీ వీధి మొదట్లోనూ నా చుట్టమొకటి నిలబడే ఉంటుంది. పోయి చూడండి, దాని వెనక పని జరిగి ఉంటే నన్ను పగలగొట్టండి.

కొండలో ఉన్నన్నాళ్ళు నాకు పేరూ లేదు, పొగరూ లేదు. పేల్చారు, కోశారు, అద్దంలా మెరిసేదాకా రుద్దారు. తర్వాత చెక్కుడు పనివాడు మౌలాలి ఉలి పట్టుకున్నాడు. పైన చైర్మన్ గారి పేరు, బొటనవేలంత అక్షరాలతో. కింద ఇంకో పదహారు పేర్లు. చోటు చాలక, అడుగున చీమల బారులాగా 'మగ్గాల కాలనీ మురుగు కాలువ' అని గీశాడు.

"పని పేరు మరీ సన్నంగా పడిండాది సార్," అన్నాడు కంట్రాక్టరుతో.

"దాన్నెవురు సదువుతార్లేప్పా, కానీ."

అప్పుడే నాకు అర్థం కావాల్సింది. కాలేదు. రాయిని గదా!

చిన్నేరుపురం మునిసిపాలిటీ వాళ్ళు మేళాలతో తెచ్చి నన్ను మగ్గాల కాలనీలో నిలబెట్టారు. నా ముందు కొబ్బరికాయ కొట్టారు, ఫొటోలు దిగారు, కార్లెక్కారు. అంతే. మూడేళ్ళు ఒక్క పార కూడా రాలేదు.

ఆ కాలనీలో అన్నీ గుంట మగ్గాలు. నేలలో గొయ్యి తీసి, అందులోకి కాళ్ళు వదిలి కూర్చుని నేస్తారు. వాన కురిస్తే వీధి మురుగంతా సరాసరి ఆ గోతిలోకే. సగం నేసిన చీర మురుగు కంపు కొడితే ఎవరు కడతారు? కాలువ అడిగింది అందుకు. వాళ్ళకిచ్చింది నన్ను.

రెండో వానకే నా కింది సిమెంటు ఊడి బోర్లా పడ్డాను. పడ్డాకే పనికొచ్చాను. ఆడవాళ్ళు నన్ను బట్టలుతికే బండ చేసుకున్నారు. ఊరి సంగతులన్నీ అక్కడే విన్నాను.

వాళ్ళలో చౌడమ్మ ఒకతె. మగ్గం మురుగులో మునిగాక ఉగ్గాని బండి పెట్టింది. నానబెట్టిన బొరుగులకు తాలింపు, పక్కన మిరపకాయ బజ్జీ. నెలనెలా కౌన్సిల్ మీటింగుకు టిఫిను ఆమెదే. ఒకరోజు నా వీపు మీద దుప్పటి బాదుతూ చెప్పింది.

"వాళ్ళ యవ్వారం వినండక్కా. అజెండాలో నలభై పనులుంటాయి. నా గిన్నె లోపలికి పోయేసరికి పది కూడా అయిండవు. తింటారు, చెయ్యి కడుక్కుంటారు, పోతారు. మిగిలినవన్నీ వాయిదా. మన కాలువ ముప్పై ఎనిమిదో నంబరు!"

"ఒకటో నంబరేందే?" అంది పక్కింటి ఈరక్క.

"హైవే కాడ స్వాగత తోరణం. ఈ ఏడు మిగిలిన నిధులు ఒక పనికే సాలతాయంట. రేపది పాసయితే మన గుంతల్లో కప్పలే."

విన్నారా? ఊరికి ఏ పని ముందో తేల్చేది ఉగ్గాని! గిన్నెకు ముందు నంబరు పడితే తోరణం, వెనక పడితే బురద. ఇంతోటి దానికి మైకులు, నీళ్ళ సీసాలు!

"అట్లయితే పోయి ఆ గిన్నె మీద కూసోవే," అంది ఈరక్క.

"నేను కూసుంటే లేపేస్తారు గదక్కా. లేపలేనిది కావాల."

అందరూ ఒక్కసారి నా వైపు చూశారు. అమ్మో, ఆ చూపు! మూడేళ్ళలో మొదటిసారి నా ఒళ్ళు ఝల్లుమంది.

మర్నాడు బండెక్కాను. ఇంకా ఒకటో నంబరు కూడా ఎత్తుకోలేదు, అప్పుడే చౌడమ్మ గుండిగంత గిన్నెను హాలు నడుమ పెట్టించింది. మూత మీద నన్ను. నలుగురు ఆడవాళ్ళు నాలుగు మూలలా నిలబడ్డారు. కింద బజ్జీల వేడి నా పొట్టకు తగులుతోంది, కితకితలు!

"ఏందమ్మా చౌడమ్మా, గిన్నె మీద రాయేంది?" అన్నాడు చైర్మన్.

"ఈగలు వాల్తాయని సార్."

హాలంతా గొల్లుమంది.

"తియ్ మరి."

"నా ఒక్కదాంతో కాదు సార్. నలుగురం ఎత్తాల. మా పని పాసయితే ఎత్తుతాం."

"ఏం పని?"

"దాని మీదే రాసిండాది. మొదట మీ పేరే. అట్లే కిందికి సదువుకుంటా రాండి."

చైర్మన్ కళ్ళద్దాలు పెట్టుకుని వంగాడు. తన పేరు దాటి కిందికి చదవడం ఆయనకదే మొదలనుకుంటా. చీమల బారు దగ్గరికొచ్చి ఆగాడు. తల పైకెత్తాడు.

"ఈ కాలువకు శంకుస్థాపన నేనే జేసినానా?"

నా మీది పదిహేడు పేర్ల మీద ఒట్టు, ఆ మాట అన్నాడు.

వెనక వరసలో రంగప్ప అనే ముసలి కౌన్సిలర్ లేచాడు. "అధ్యక్షా! నాకు షుగరు. టయానికి తినకుంటే ఈడ్నే పడిపోతా. ముప్పై ఎనిమిదోది ముందు ఎత్తుకోండి!"

"బజ్జీలు మెత్తబడతాండాయి అధ్యక్షా!" ఇంకొకరు.

దబదబా బల్లలు చరిచారు. పాస్! తీర్మానాల పుస్తకంలో సంతకం పడి సిరా ఆరేదాకా చౌడమ్మ కదల్లేదు. అప్పుడు నలుగురూ నన్ను ఎత్తారు.

తిన్నారు. చెయ్యి కడుక్కున్నారు. పోయారు. తోరణమా? వాయిదా! వాళ్ళ ఆనవాయితీనే దాన్ని మింగేసింది. తిరుగు బండిలో నేనెగిరిన ఎగురుకు ఒక చక్రం వంకరపోయింది, నిజం.

కాలువ పని మొదలయ్యే రోజు మళ్ళీ శంకుస్థాపన అంటూ ఇంకో కొత్త రాయి తెచ్చారు, సిగ్గులేకుండా. ఈరక్క దాన్ని అటూ ఇటూ తట్టి చూసి, "ఉతకడానికి బాగుండాది, ఆడ దింపండి," అంది.

మరి నేనో? చౌడమ్మ వాకిట్లో కాలువ మీద అడ్డంగా పరిచారు, పేర్లున్న వైపు కిందికి. నిన్న రాత్రి కుండపోత. పదిహేడు పేర్ల కింద మురుగు బుడబుడమంటూ ఊరవతలికి పరుగెత్తింది. పొద్దున్నే చౌడమ్మ నా వీపు మీద రెండు కాళ్ళూ పెట్టి నిలబడి, లోపలి మగ్గం గోతిలోకి తొంగి చూసింది.

"పొడిగా ఉండాదే ఈరక్కా!" అని అరిచింది.

ఆపైన మగ్గం మోగింది. ఇంకా మోగుతూనే ఉంది. జరగండి, వినపడనివ్వండి.