బిందెలతో వచ్చిన జనం

మారెక్క టీ అంగడి ముందు మళ్లీ అదే గొడవ. హాకీ లీగు బతుకుతుందా, మూతపడుతుందా?

"జనం రాకపోతే ఏమన్నా? టీవీలో చూస్తాండారు గదా. ఈ కాలంలో ఏ ఆటయినా బతికేది టీవీతోనే" అన్నాడు సెల్‌ఫోన్లు బాగుచేసే వీరేష్.

"ఎవురు చూస్తాండారప్పా? నువ్వు చూసినావా ఒక్కరోజన్నా?" గొర్రెలు కాసే పెద్దన్న ఊరుకోలేదు. "ఆ గ్యాలరీలో కంటే నా దొడ్లోనే జనం ఎక్కువుండారు."

అందరూ నవ్వారు. పాపన్నకు మాత్రం ఒళ్లు మండింది. వాళ్లకేం, ఎన్నయినా అంటారు! ఈ ఊరి ఆడపిల్లల జట్టుకు గోల్‌కీపర్ ఆయన కూతురు సువార్త. ఆ సాయంత్రం లీగు పెద్దసారు బెంగళూరు నుంచి వస్తున్నాడు. గ్యాలరీ మళ్లీ బోసిగా ఉంటే జట్టును ఎత్తేస్తామని ముందే చెప్పేశారు. ఎత్తేస్తే పిల్ల ఆట అంతటితో సరి. ఇంకో జట్టువాళ్లు ఈమెను వెతుక్కుంటూ ఇంత దూరం వస్తారా ఏమన్నా?

టీ గ్లాసు కింద పెట్టి మైకు ఆటో ఎక్కాడు. అదే ఆయన బతుకుతెరువు. ఎండాకాలమంతా కంబదూరు, కుందుర్పి వైపు ఊళ్లలో నీళ్ల టాంకరు వస్తోందని అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఇవాళ కూతురి కోసం అరవాలి.

"సాయంత్రం హాకీ ఆట ఉండాది! మన ఆడబిడ్డలు ఆడతాండారు! అందరూ రావల్ల!"

ఒక్క తలుపు తెరుచుకోలేదు. వీధి తర్వాత వీధి తిరిగాడు. ఎండ మాడు పగలగొడుతోంది. కళ్లు మూతలు పడుతున్నాయి, నోరు మాత్రం అలవాటుకొద్దీ ఆడుతోంది. "అందరూ రావల్ల! బిందెలు తెచ్చుకోండి!"

ఏమన్నాడో ఆయనకే తెలియలేదు. తలుపులు మాత్రం తెరుచుకున్నాయి.

"యాడికి రావల్లన్నా?" అని అడిగారు ఆడవాళ్లు.

"హాకీ గ్రౌండు కాడికమ్మా!" సంతోషంతో అరిచాడు పాపన్న.

సాయంత్రానికి గ్యాలరీ కిక్కిరిసిపోయింది. పెద్దసారు ముఖం విప్పారింది. అందరి ఒళ్లో బిందెలు ఎందుకున్నాయో పాపన్నకు అంతుపట్టలేదు. చప్పుడు చేయడానికేమో అనుకున్నాడు, పిచ్చి మారాజు.

అప్పుడు టాంకరు వచ్చింది. మైదానంలో పరిచిన ప్లాస్టిక్ గడ్డిని ఆటకు ముందు తడపాలి. తడపకపోతే పడ్డ పిల్లలకు చర్మం లేచిపోతుంది.

గ్యాలరీ అంతా ఒక్కసారిగా లేచి నిలబడింది.

"ఏం మారెక్కా, యాడికి పోతాండారు అందరూ?" అని కేకేశాడు పాపన్న.

"నువ్వే గదప్పా బిందెలు తెచ్చుకోమన్నావు!"

తన నోరేం అందో పాపన్నకు అప్పుడు అర్థమైంది. ఈలోగా టాంకరు పైపు నుంచి నీళ్లు ఆ ప్లాస్టిక్ గడ్డి మీద పడ్డాయి.

"అయ్యో దేవుడా, ప్లాస్టిక్కుకు పోస్తాండారే!" అంది ఎవరో ఆడమనిషి. అంతే. తిట్టినా బాగుండేది. ఎవరూ తిట్టలేదు. ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని చూస్తూ ఉండిపోయారు. ఆ చూపులకు పాపన్న తల దించుకున్నాడు.

సువార్త హెల్మెట్ తీసి టాంకరు దగ్గరికి వచ్చింది. "ఆపన్నా. బిందెలకు పట్టు." పెద్దసారు వైపు తిరిగింది. "సార్, పొడి గడ్డి మీదే ఆడతాం." అవతలి జట్టు పిల్లలు కూడా సరే అన్నారు.

బిందెలు నిండాయి. నిండిన బిందెతో ఆట చూస్తూ ఎవరు కూర్చుంటారు? ఇంట్లో పిల్లలు, కొట్టంలో గొడ్లు. విజిల్ ఊదేసరికి గ్యాలరీ ఖాళీ.

"పాపన్నగారూ, ఇక్కడ ఇదే ఆఖరు ఆట" అన్నాడు పెద్దసారు. మంచిగానే అన్నాడు. పాపన్న ఖాళీ గ్యాలరీ వైపు చూశాడు. ఎవర్ని అనాలి? తన నోటినా, రాని వాననా?

సువార్త ప్రతి బంతికీ అడ్డం పడుతూనే ఉంది. మోచేయి గీసుకుపోయి ఎర్రబడింది.

మధ్యలో ఆట ఆపినప్పుడు మారెక్క గేటు దగ్గర నుంచి మైదానంలోకి నడిచి వచ్చింది. ఆమె ఇంటికి పోలేదు. చంకన నిండు బిందె. నేరుగా గోలు ముందుకు పోయి నీళ్లు కుమ్మరించడం మొదలుపెట్టింది.

"అత్తా, ఏం చేస్తాండావ్? ఇంటికి తీసుకపో!"

"పడేది నువ్వు గదమ్మా" అంది మారెక్క. చుక్క మిగలకుండా బిందె వంచేసింది.

మైకు ఆటో పక్కన నిలబడ్డ పాపన్నకు ఏడుపు ఆగలేదు. విజిల్ మోగింది. సువార్త హెల్మెట్ పెట్టుకుని ఆ తడిసిన చోటికి వెళ్లి నిలబడింది.