అరచేతి కొలత

ఆ ఇంట్లో కోడలు బండి నడుపుతుంది, అత్తగారు వెనక కూర్చుని నోరు నడుపుతుంది. కోడలిది ఇంటింటికీ పార్సిళ్లు అందించే ఉద్యోగం. కొడుకు ఓడలో వంటవాడు. ఏడాదికోసారి వచ్చి, ఇద్దరి ఫిర్యాదులూ విని, మళ్లీ ఓడెక్కేస్తాడు. తెలివైనవాడు.

అత్తగారు ఆసుపత్రిలో ఆయాగా పనిచేసినన్నాళ్లూ రాత్రి డ్యూటీలే. రోగుల పక్కన మేలుకుని మేలుకుని, ఉద్యోగం అయిపోయేసరికి నిద్ర ఆవిడ ఇంటి దారి మర్చిపోయింది. "ఈ గుండెకి మందు నిద్రే. అది పట్టకపోతే ఎక్కువకాలం లాగదు" అని డాక్టరు కోడలిని పక్కకి పిలిచి చెప్పాడు. అప్పట్నించీ కోడలు పక్కగదిలో ఆవిడ ఊపిరి వింటూ తెల్లవార్లూ దొర్లేది.

అత్తగారికి కళ్లు మూతపడేది నడుస్తున్న బండి మీదే. అంతలో వెనకున్న బ్యాక్‌రెస్టు వెన్నులో పొడిచి లేపేసేది. ఆ కాస్త కునుకులోనే వీధి సద్దుమణిగేది. హారన్లు మోగేవి కావు, కుక్కలు నోరు తెరిచి మూసుకునేవి. ఏళ్ల తరబడి పేరుకున్న నిద్ర కదా, దానికి అంత బలం. ఊళ్లో అందరికీ అలవాటే. "పెద్దావిడ కునుకు తీసినట్టుంది" అనుకుని కూరగాయలవాడు బేరం సైగలతో కానిచ్చేవాడు.

ఆ రోజు ఆసుపత్రికి వెళ్తూ కోడలు సీట్లు కుట్టే మేస్త్రీ దగ్గర బండి ఆపింది. ఆయన బోల్టులు వదులుచేసి, బ్యాక్‌రెస్టు పైకి జరిపి, తనే ఎక్కి కూర్చుని కాళ్లూపాడు.

"అబ్బ, సింహాసనం!"

"నీ వీపుకి నాయనా. నాది అందులో సగం లేదు" అంది అత్తగారు.

"పోనీ ఎక్కడ పెట్టాలో మీరే చెప్పండత్తయ్యా."

"వాలితే కదా తెలిసేది! నేనెప్పుడు వాలాను గనక? రోగుల్ని ముందు నా చేతి మీద వాలనిచ్చేదాన్ని. బరువు ఎక్కడ తెలిస్తే అక్కడ దిండు."

కోడలు ఆవిణ్ణి సీటు మీద కూర్చోబెట్టి, వీపు వెనక అరచెయ్యి ఆనించింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ వీపు ముట్టుకోవడం అదే మొదలు.

"వాలండి."

అత్తగారు బిగుసుకుపోయింది, గొణిగింది, చివరికి కొంచెం కొంచెంగా బరువు వదిలింది. పిట్టంత బరువు. కోడలికి దుఃఖం పొంగుకొచ్చింది.

"ఇక్కడికి దించండి" అంది మేస్త్రీతో. "నా చెయ్యి ఉన్నచోటికి. కొంచెం వెనక్కి వంచండి. ఆఁ, చాలు."

బోల్టులు బిగిశాయి. బండి వీధి మలుపు తిరక్కముందే అత్తగారు నిద్రపోయింది. ఈసారిది కునుకు కాదు.

ముందు హారన్లు ఆగాయి. తర్వాత ఇంజను చప్పుడూ ఆగింది, బండి మాత్రం సాగిపోతూనే ఉంది. పక్కదుప్పటి సర్దినట్టు రోడ్డు మీది గుంటలు వాటంతటవే సర్దుకున్నాయి. లారీలు పక్కకి ఒదిగాయి. పోలీసు పెదవి మీద వేలు పెట్టుకుని దారి చూపించాడు. కోడలు అద్దంలోంచి వెనక్కి చూసింది. ఇంత పెద్ద నిద్రనా ఈ మనిషి ఇన్నాళ్లూ లోపల మోసింది!

ఆసుపత్రి గేటొచ్చింది. ఆపితే లేస్తుందని కోడలు ఆపలేదు. ఊరి చుట్టూ తిరుగుతూనే ఉంది. పెట్రోలు ముల్లు కదల్లేదు, ఎండ ఉన్నచోటే నిలబడిపోయింది. ఆసుపత్రి కిటికీల ముందునుంచి వెళ్లినప్పుడల్లా, లోపల నొప్పులతో మూలిగేవాళ్లు ఒక్కొక్కరే హాయిగా నిద్రలోకి జారుకున్నారు.

చివరికి పెద్ద ఆవులింతతో అత్తగారు లేచింది. "ఇంకా రాలేదా? నడిచొచ్చినవాళ్లు ఎప్పుడో చేరుంటారు!"

డాక్టరు గుండె విన్నాడు. స్టెతస్కోపు దులిపి మళ్లీ విన్నాడు. "ఇది పోయిన వారం గుండె కాదమ్మా. ఇంకా చాలాకాలం కొట్టుకుంటుంది" అన్నాడు.

కోడలు బయటికొచ్చి బండి హ్యాండిలు పట్టుకుని ఏడ్చేసింది. అత్తగారు వెక్కిరించలేదు.

"ఎక్కు. వెనక."

"మరి బండెవరు నడుపుతారత్తయ్యా?"

"ఎక్కడికీ పోవక్కర్లేదు. కూర్చో."

స్టాండు వేసిన బండి మీద కోడలు కూర్చుంది. ఆమె వీపుకీ బ్యాక్‌రెస్టుకీ మధ్య అత్తగారి అరచెయ్యి దూరింది.

"రాత్రుళ్లు గోడవతల నువ్వు దొర్లడం నాకు వినపడదనుకున్నావా? వాలు."

కోడలు వాలింది. ఆసుపత్రి ముందు రోడ్డు మీద హారన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.