అన్నిటికీ ఒక్కదాన్నే

ఆ రోజు నాయుడుగారింట్లో చాలామంది ఉన్నారు. ఇంటాయన లక్ష్ముంనాయుడు, ఆయన భార్య పైడమ్మ, పురిటికొచ్చిన కూతురు హైమ, ఆమె ఒళ్ళో ఇంకా పేరు పెట్టని పాప, వీధరుగు మీద కుర్చీల్లో అల్లుడివైపు చుట్టాలు, పెరట్లో వంటవాళ్ళు, లోపలి గదిలో మంచమ్మీద నాయుడుగారి తల్లి సూరీడమ్మ. ఇంతమందిలోనూ ఎక్కడ నిలబడాలో తెలియక స్తంభాన్ని ఆనుకున్న ఝాన్సీ. ఉయ్యాల వేడుకకి ఫొటోలు తీయడానికొచ్చిన పిల్ల. ఆ పిల్ల మెడలో కెమెరా, కెమెరాకి నేను.

నేను ఒక జూమ్ లెన్సుని. మామూలు లెన్సుకి ఒక్క చూపే ఉంటుంది. దగ్గర చూసేది దగ్గరే చూస్తుంది, దూరం చూసేది దూరమే చూస్తుంది. నాకు రెండూ ఇచ్చారు. మెడ ముడుచుకుంటే పందిరి మొత్తం పడుతుంది. మెడ సాచితే పందిరి చివర కూర్చున్నావిడ ముక్కుపుడక పడుతుంది. అందుకని నన్ను ఆల్ ఇన్ వన్ అంటారు. ఆ మాట నా అట్టపెట్టె మీద మెరిసే అక్షరాలతో అచ్చేశారు. పెట్టె ఎప్పుడో పోయింది, మాట మాత్రం నన్ను వదల్లేదు.

సముద్రానికి అవతల, దుమ్ము చొరబడని గదిలో, తలలకి టోపీలు పెట్టుకున్నవాళ్ళు నన్ను చేశారు. గాజుబిళ్ళ వెనక గాజుబిళ్ళ పెట్టి, అన్నిటినీ ఒక గొట్టంలో బిగించారు. ఒక్కదాన్నే ఇన్ని పనులు చెయ్యాలంటే ఏ పనీ పూర్తిగా రాదని వాళ్ళకి తెలుసు. మెడ సాచేకొద్దీ నా కన్ను చిన్నదైపోతుంది. చీకటి గదిలో దూరంగా ఉన్న మనిషిని చూడమంటే కన్ను చికిలించుకుని చూసే ముసలివాళ్ళలాగా అయిపోతాను. మరీ దగ్గరికెళ్ళి మెడ ముడిస్తే ఇంకో తంటా. ద్వారబంధాలు విల్లులా వంగుతాయి, ముక్కులు లావెక్కుతాయి. ఇవేవీ పెట్టె మీద రాయలేదు.

నన్ను మొదట కొన్నది విశాఖపట్నంలో ఒక పళ్ళ డాక్టరు. అరకులో కొండల్ని, కొండల ముందు భార్యని, భార్య వెనక కోతిని, అన్నిటినీ నాతోనే తీసి మురిసిపోయాడు. తర్వాత ఎవరో ఆయనకి నామీద అనుమానం పుట్టించారు. ఒక ఆదివారం గోడకి న్యూస్ పేపరు అంటించి ఫొటో తీశాడు. దాన్ని కంప్యూటర్లో పెద్దది చేసి మూలల్లో అక్షరాలు పలచబడ్డాయని బాధపడ్డాడు. ఆ పేపరు మాత్రం చదవలేదు. నెల తిరక్కుండా నన్ను అమ్మేశాడు.

అప్పుడు రాజాం కూర్మారావు చేతికొచ్చాను. ఆయనకి బజార్లో చిన్న ఫొటో స్టూడియో ఉంది. అంతకుముందు ఆయన రెండు లెన్సులు మోసేవాడు. ఒక పెళ్ళిలో దూరం లెన్సు విప్పి దగ్గర లెన్సు బిగించేలోగా పెళ్ళికొడుకు మూడు ముళ్ళూ వేసేశాడు. "బాబూ, ఒక్కసారి మళ్ళీ కట్టినట్టు పట్టుకోండి" అని కూర్మారావు బతిమాలాడు. పెళ్ళికొడుకు పట్టుకున్నాడు. పెళ్ళికూతురు తల్లి మాత్రం, కట్టిన తాళిని మళ్ళీ కట్టినట్టు నటించడమేమిటని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ తర్వాతే ఆయన నన్ను కొన్నాడు. "ఇంక విప్పడం లేదు, బిగించడం లేదు. ఒక్క లెన్సు చాలు" అన్నాడు.

నిజమే, ఒక్కదాన్నే సరిపోయాను. నేనొచ్చాక ఆయన ఏ ముడీ పోగొట్టుకోలేదు. తలంబ్రాలు పడ్డాయి, పసుపు నీళ్ళు పడ్డాయి, బూందీ వడ్డించే చేతులు తగిలాయి. నా మెడ వదులైపోయింది. ఇప్పుడు నన్ను కిందికి వేలాడదీస్తే నా అంతట నేనే బయటికి జారిపోతాను. నడుస్తుంటే సంచి నుంచి బయటపడ్డ సొరకాయలా ఉంటానని ఆయన వేళాకోళం చేస్తాడు. నాకు నవ్వు రాదు.

ఆ రోజు ఆయన నడుం పట్టేసి మంచం దిగలేకపోయాడు. అందుకని కూతుర్ని పంపాడు. ఊరి బళ్ళో పది చదివి, ఆ ఏడే కాలేజీలో చేరిన పిల్ల. పేరు ఝాన్సీ. పేరు పెట్టినప్పుడు ఏమనుకున్నారో కానీ, ఆ పిల్ల మాట్లాడితే ఆమె మెడలో ఉన్న నాకే సరిగా వినపడదు. నన్ను మాత్రం ఇష్టపడేది. ఎందుకో నాకు తెలుసు. నేనుంటే ఎవరి దగ్గరికీ వెళ్ళక్కర్లేదు. స్తంభం చాటున నిలబడి నా మెడ చుట్టూ ఉన్న ఉంగరం తిప్పితే చాలు, మనుషులు వాళ్ళంతట వాళ్ళే దగ్గరికొచ్చేస్తారు. నాలో ఉన్న గొప్ప ఇదే. చెడ్డ కూడా ఇదేనని ఆ రోజుదాకా నాకు తోచలేదు.

పాపని ఉయ్యాల్లో వేసి పేరు పెట్టడం, పాటలు, అక్షింతలు అన్నీ బాగానే పడ్డాయి. హాల్లో గ్రూపు ఫొటోకి అందరూ సర్దుకుంటున్నారు. వెనక గోడ మీద పోయిన పెద్దాయన ఫొటో ఉంది, దానికి దండ. ఆ పక్కనే ఒక కొత్త మేకు, మేకుకి మాసిన గుడ్డసంచి.

"అమ్మడూ, ఆ సంచి తీసి పక్కన పెట్టవా? మా అత్తగారి ఆకూవక్కల సంచి. ఎన్నిసార్లు తీసినా మళ్ళీ అక్కడే తగిలిస్తారు" అంది పైడమ్మ.

ఝాన్సీ సంచి తీసి కిటికీలో పెట్టింది. ఫొటో తీసింది.

తర్వాత నాయుడుగారు ఆమెని పక్కకి పిలిచాడు. గొంతు తగ్గించాడు.

"మా అమ్మది ఇంట్లో ఒక్క ఫొటో లేదమ్మా. కెమెరా చూస్తే మొహం తిప్పేస్తది. మీ నాన్న చెప్పాడు, ఈ లెన్సు దూరం నుంచి కూడా తీస్తదని. తనకి తెలీకుండా ఒక్కటి తియ్యి. మొహం నిండుగా, నవ్వు లేకుండా, నిదానంగా ఉండాల. అది బాగా వస్తే వచ్చే నెల మా తమ్ముడి కొడుకు పెళ్ళి కూడా మీ నాన్నకే చెప్పిస్తాను."

ఆయన్ని తప్పుపట్టలేను. గోడ మీద వాళ్ళ నాన్న ఫొటో ఏదో గుంపు ఫొటోలోంచి కోసి పెద్దది చేసినది. కళ్ళెక్కడో ముక్కెక్కడో తెలియదు. చూసిన చుట్టాలు ఎవరిదని అడుగుతారు. తల్లికైనా అలా జరక్కూడదని ఆయన తాపత్రయం. కానీ ఆయన ఎందుకన్నది చెప్పలేదు, ఝాన్సీ అడగలేదు. ఇంట్లో నడుం పట్టేసిన తండ్రి, వచ్చే నెల పెళ్ళి, ఈ రెండే ఆమె తలలో ఉన్నాయి. తలూపింది.

హాలు చివర నిలబడి నా మెడని పూర్తిగా సాచింది. లోపలి గదిలో ఒకటే కిటికీ, అది కూడా సగం మూసి ఉంది. ఫ్లాష్ వేస్తే తెలిసిపోతుంది. నేను కన్ను చికిలించి చూశాను. మంచమ్మీద ముసలావిడ, మోకాళ్ళ మీద చేతులు. టప్. టప్. ఝాన్సీ కెమెరా వెనక ఉన్న తెర మీద చూసుకుంది. సూరీడమ్మ మొహం నీళ్ళలో పడ్డట్టు కదిలిపోయి ఉంది. మళ్ళీ తీసింది. మళ్ళీ అంతే. తప్పు పిల్ల చేతిది కాదు. ఆ చీకట్లో అంత దూరం నా వల్ల కాదు.

"ఒలే గుంటా!"

ఝాన్సీ చెయ్యి ఆగిపోయింది.

"నిన్నే. ఆ తొండమేటి? సాటునుంచి సూత్తన్నావు. ఇలాగ్రా."

ఆ పది అడుగులూ ఆమె ఎలా నడిచిందో నాకు తెలుసు, ఆమె గుండె నాకు తగులుతూనే ఉంది. నేను సిగ్గుతో మెడ ముడుచుకోవాల్సింది. వదులు మెడ కదా, ఇంకా జారి వేలాడాను.

"కూర్మారావు కూతురువా?"

"ఆఁ, మామ్మా."

"మీ నాయన పెళ్ళిళ్ళకి తీత్తాడు. నువ్వు సావులకి తీత్తన్నావా?"

ఝాన్సీ నన్ను అరచేత్తో కప్పింది.

"నా కొడుకు నాకు సెవుడనుకున్నాడు. సెవుడు లేదు, పలకడం మానేసానంతే. మొన్న కోడలితో అంతన్నాడు, అమ్మది ఒక ఫొటో ఉంచుకోవాలి, రేపు దండెయ్యడానికి లేకపోతే బాగోదని. మర్నాడే మేకు కొట్టీసినాడు, ఆళ్ళ నాయన పక్కన. సూసినావా మేకు?"

"చూశాను."

"నాను బతికే ఉన్నాను కదా? అందుకని నా సంచి దానికి తగిలిత్తన్నాను. ఆళ్ళు తీత్తారు, నాను తగిలిత్తాను."

ఆ సంచి తీసి కిటికీలో పెట్టింది తనేనని ఝాన్సీకి గుర్తొచ్చింది. హాలు వైపు ఓసారి చూసింది.

"తీసినవి సూపు" అంది సూరీడమ్మ.

ఝాన్సీ మంచం పక్కన కూర్చుని చూపించింది. ముసలావిడ కళ్ళు దగ్గరికి పెట్టి చూసింది. "ఇది నానేటి? దెయ్యాన్ని తీసినావు. తీసీ."

ఝాన్సీ ఒక్కొక్కటే తుడిచేసింది. ఇంక వచ్చే నెల పెళ్ళి లేదు. ఇంటికెళ్ళి తండ్రికి ఏం చెప్పాలో ఆలోచిస్తోంది కాబోలు, ముసలావిడ మాట రెండోసారి అంటేగానీ వినలేదు.

"ఇప్పుడు తియ్యి."

"ఏంటి మామ్మా?"

"ఫొటోవే. ఒట్టి సేతుల్తో ఎల్తే నా కొడుకు నిన్ను తిడతాడు. కానీ ఒక మాట. దండకి పనికి రాకుండా తియ్యి."

ఝాన్సీ కిటికీ రెక్క పూర్తిగా తెరిచింది. నా మెడని చివరిదాకా ముడిచింది. ఆ పిల్ల అంత దగ్గరికి ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. సూరీడమ్మ ఊపిరి నా గాజు మీద ఆవిరి కట్టింది. ఝాన్సీ ఓణీ కొంగుతో తుడిచింది. నా కన్ను ఎంత తెరుచుకోగలదో అంతా తెరుచుకుంది.

ఆ దగ్గర్లో నా సంగతి మీకు చెప్పాను. మంచం పట్టీ వంగిపోయింది, ముక్కు లావెక్కింది, రెండు చెవుల దుద్దులూ అటోటి ఇటోటి పారిపోయాయి. ఆ ముక్కుని కెమెరా తెర మీద చూసుకుని సూరీడమ్మ నవ్వింది. పళ్ళు లేని నోరు, ఆకూవక్కలకి ఎర్రబడ్డ నాలుక, కన్నీళ్ళు. "ఇంకోటి, ఇంకోటి" అంది. అలా నవ్వుతూ ఉన్నప్పుడే టప్. ఈసారి ఏదీ కదలలేదు. పళ్ళ డాక్టరు చూసి ఉంటే ఒక్కో ముడతా లెక్కపెట్టుకునేవాడు.

హాల్లోకొచ్చాక ఝాన్సీ కిటికీలోని సంచి తీసుకెళ్ళి సూరీడమ్మ చేతికిచ్చింది.

నాయుడుగారు వీధి గుమ్మం దగ్గర ఉన్నాడు. "వచ్చిందా?" అని కెమెరా అందుకున్నాడు. చూశాడు. ఆయన భుజం మీంచి తొంగిచూసిన పైడమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇదేటమ్మా? గోడకి పెట్టేదేనా ఇది? ఊరంతా నవ్వరా? దూరం నుంచి తియ్యమన్నాను కదా, అవేవీ?"

"తీసేశానండి."

"ఎందుకు?"

ఝాన్సీ గుమ్మం దిగి కింది మెట్టు మీద నిలబడి ఉంది. నేను ఆయన చేతిలో నుంచి ఆమె చేతిలోకొచ్చాను. మామూలుగా అయితే తల వంచుకుని వచ్చేసేది.

"మామ్మ వద్దన్నారండి. ఇదైతే ఉంచమన్నారు."

ఆ మాట నాకే కాదు, వీధరుగు మీద కుర్చీల్లో వాళ్ళకి కూడా వినపడింది. అల్లుడివైపు పెద్దాయన ఒకాయన తమలపాకు నమలడం ఆపి చూశాడు. నాయుడుగారి మొహం ఎర్రబడింది.

"మీ నాన్న లేచాక రమ్మను. నీతో కాదు" అన్నాడు, తలుపు రెక్క మీద చెయ్యి వేసి.

ఝాన్సీ మెడలో నేను మళ్ళీ కిందికి జారిపోయాను. నాకు ఎక్కడైనా అల్మారాలో, చీకట్లో, ఎవరూ సాచకుండా ముడవకుండా పడి ఉండాలని ఉంది. అయినా చూపు ఆగదు కదా. మూసుకుంటున్న తలుపు సందులోంచి హాలు గోడ కనిపించింది. సూరీడమ్మ గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి, దండ వేసిన ఫొటో పక్కన మేకుకి తన సంచి తగిలిస్తోంది.

ఝాన్సీ కూడా అది చూసింది. నా ఉంగరం మీదికి ఆమె వేళ్ళు వెళ్ళాయి. తిప్పలేదు.

నాయుడుగారు తలుపేసేశాడు.