పాలిష్ డబ్బా మూత

తెల్లారి లేచినప్పటి నుంచీ ఎమోకె కాలు ఒకచోట నిలవలేదు. పెరట్లోకి వెళ్తుంది, టెలిస్కోపు మీది పట్టా ఎత్తి చూస్తుంది, మళ్ళీ కప్పుతుంది. బాలాటన్ సరస్సు మీది మబ్బుల్ని చూసి తిట్టుకుంటుంది. వంటింట్లోకొచ్చి కాఫీ పెట్టి తాగడం మర్చిపోతుంది. ఒంటి గంట కాకముందే సంపూర్ణ సూర్యగ్రహణం. రెండు నిమిషాల పైచిలుకు చీకటి. ఆ కాస్త సేపట్లో వాళ్ళ నాన్న కాల్మాన్, సూర్యుడి చుట్టూ విచ్చుకునే తెల్లటి వెలుగును కళ్ళారా చూడాలి. ఆమెకు కావలసింది అంతే.

అది ఆయన ముప్పై ఎనిమిదేళ్ళుగా మోస్తున్న కోరిక. అరవై ఒకటిలో సంపూర్ణ గ్రహణం హంగరీ సరిహద్దుకు అవతల, యుగోస్లావియాలో పట్టింది. ఈయనకేమో పాస్‌పోర్టు ఇవ్వలేదు. బళ్ళో భూగోళం చెప్పుకునే మాస్టారికి పక్క దేశంలో ఏం పనని అడిగారట. ఇంటి దగ్గరే నిలబడి, గోటి ముక్కంత మిగిలిన సూర్యుణ్ణి చూసి, సరేలే, తొంభై తొమ్మిదిలో మన ఇంటి మీదికే వస్తుందని సరిపెట్టుకున్నాడు. వచ్చింది. వచ్చేసరికి ఆయన కళ్ళు పోతున్నాయి. రెండేళ్ళుగా చూపు మధ్యలో నల్లమచ్చ. ఎవరి మొహం చూసినా చెవులు కనిపిస్తాయి గానీ ముక్కు కనిపించదు.

ఎమోకె పళ్ళ డాక్టరు. ఎవరి నోట్లోనో చిన్న అద్దం పెట్టి చూస్తుండగా ఆమెకు ఒకరోజు తట్టింది. మామూలుగా చూస్తే గ్రహణమంతా నాన్న నల్లమచ్చ కిందే దాక్కుంటుంది. అదే టెలిస్కోపులో పెద్దది చేసి చూపిస్తే? నల్లటి చంద్రుడొచ్చి ఆ మచ్చ మీదే కూర్చుంటాడు, చుట్టూ ఉన్న వెలుగు మచ్చ దాటి ఆయనకు కనిపించే చోటికి వస్తుంది.

ఇక చూడండి, ఆ ముసలి టెలిస్కోపుకు తిప్పలు మొదలయ్యాయి. యుద్ధానికి ముందు చేసిన ఇత్తడి గొట్టం, ఇనుప స్తంభం మీద కూర్చునేది. అది సూర్యుడి వెంట తనంత తనే తిరిగేలా ఇరుసుకు పాత వాషింగ్ మెషీన్ టైమరు మోటారు బిగించింది. నాన్న మెడ వంచే పని లేకుండా వెనక కొసన చూపును పక్కకు తిప్పే అద్దం పెట్టింది. ఆ బరువుకు గొట్టం వెనక్కి వాలుతుంటే ముందు వైపు సీసం దిమ్మె కట్టింది. చివరికి, క్లినిక్కులో మూలన పడున్న పళ్ళ కుర్చీని ట్రాక్టరు మీద తెప్పించి పెరట్లో దించింది, నాన్న తల కదలకుండా ఆనించుకుంటాడని.

"ఏమిటే ఇది? నాకు సూర్యుణ్ణి చూపిస్తావా, పళ్ళు పీకుతావా?" అన్నాడు కాల్మాన్.

"నోరు తెరవకుండా కూర్చుంటే మొదటిదొక్కటే చేస్తాను."

"నా టెలిస్కోపును క్రిస్మస్ చెట్టు చేసిపెట్టావు. ఇంకా గంటలు కట్టలేదేం?"

గొట్టానికి పక్కనే ఇంకో బుల్లి టెలిస్కోపు ఉంది. ఆకాశంలో దేన్నైనా ముందు అందులో చూసి పట్టుకుని, తర్వాత పెద్దదాంట్లో చూస్తారు. మోటారు ఉన్నాక ఇదెందుకు, దండగ బరువని ఎమోకె పీకేయబోయింది.

"దాని జోలికి వెళ్ళావంటే ఊరుకోను," అన్నాడాయన. ఊరుకోనంటే నిజంగానే ఊరుకోడు. దాని మూతికి ఎండ తగలకుండా ఏనాడో ఒక బూట్ పాలిష్ డబ్బా మూత తొడిగాడు. అతికినట్టు సరిపోయింది, ఇప్పటికీ అదే.

ఎమోకెకు అసలు భయం పెద్ద గొట్టంతోనే. సూర్యుడు పూర్తిగా మూతపడే దాకా ముందు నల్లటి ఫిల్టరు ఉండి తీరాలి. లేకపోతే ఆ మిగిలిన చూపూ అక్కడికక్కడే పోతుంది. కాల్మాన్ అయితే ఫిల్టరును అట్ట చట్రంలో పెట్టి, న్యూస్‌పేపరు చుట్టి లోపలికి తోసేవాడు. గాలికి ఊడిపడితే ఎవరిది పూచీ? ఆమె అల్యూమినియం చట్రం చేయించి మూడు స్క్రూలతో బిగించింది. ఆ తెల్లటి వెలుగు ఫిల్టరులోంచి కనిపించదు గనక, చీకటి పడగానే స్క్రూలు విప్పి తీసేయడం ఎన్నిసార్లు సాధన చేసిందో లెక్కలేదు.

"గాలివానొచ్చినా ఇది ఊడదు," అంది.

"ఊడాల్సినప్పుడు ఊడుతుందా?" అన్నాడు కాల్మాన్. ఆమెకు ఒళ్ళు మండింది.

పదకొండుకల్లా మబ్బులు విడిపోయాయి. పక్కింటి లోరాంట్ ఒక చేత్తో పుచ్చకాయ, ఇంకో చేత్తో సోడా కలిపిన వైను పట్టుకుని వచ్చాడు.

"డాక్టరమ్మా, మాస్టారు లేచాక నాదీ ఒక పన్ను చూద్దురూ."

"వరసలో నిలబడవోయ్. నేను ముప్పై ఎనిమిదేళ్ళ నుంచి నిలబడ్డాను," అన్నాడు కాల్మాన్ కుర్చీలోంచి.

"మీ వరస తర్వాత. ముందు కరెంటు తీగ మీద నుంచి కాలు తియ్యండి లోరాంట్," అని కసిరింది ఎమోకె.

సూర్యుడు తరిగిపోతున్నాడు. కాల్మాన్ కన్ను ఆనించి, "అంచు కనిపిస్తోందే అమ్మాయ్, కొడవలిలా," అన్నాడు. ఆమె లెక్క తప్పలేదన్నమాట. ప్రాణం కాస్త కుదుటపడింది. ఎండ బూడిద రంగుకు తిరిగింది. పిచ్చుకలు నోరు మూశాయి. ఆమె స్క్రూడ్రైవరు పట్టుకుని గొట్టం ముందు నిలబడింది.

ఉన్నట్టుండి చీకటి పడింది. ఒడ్డు పొడుగునా జనం ఒక్కసారి హోరుమన్నారు. ఎమోకె తలెత్తింది. ఒక్క క్షణం చూసి పని చూసుకుందామనే తలెత్తింది పాపం. ఆకాశానికి పడ్డ నల్లటి కన్నం, దాని చుట్టూ ఆ తెలుపు. అంతే, నోరు వెళ్ళబెట్టి నిలబడిపోయింది.

"అమ్మాయ్, ఏమీ లేదే."

"కన్ను కాస్త పక్కకు జరుపు నాన్నా," పైకి చూస్తూనే అంది.

"జరిపాను. అంతా చీకటే."

మచ్చ ఎప్పుడైనా పెరగొచ్చని కంటి డాక్టరు చెప్పనే చెప్పాడు. ఇవాళే పెరగాలా, ఈ పూటే పెరగాలా?

కాల్మాన్ వెనక్కి తల వాల్చాడు. "సరేలే. ఈ కంటి పనైపోయింది. నువ్వు చూసి చెప్పు, ఎలా ఉందో. తొందరపడకుండా చెప్పు."

ఆమె కుర్చీ దగ్గరికొచ్చి వంగి కన్ను పెట్టింది. ఆమెకూ చీకటే.

"అయ్యో, నా బుద్ధి తగలెయ్య. నీ కన్ను కాదు నాన్నా. ఫిల్టరు. నేను ఫిల్టరే తియ్యలేదు."

ముందుకు పరిగెత్తింది. మొదటి స్క్రూ ఊడింది. రెండోదాని మీద స్క్రూడ్రైవరు జారి గడ్డిలో పడిపోయింది. చీకట్లో గడ్డి తడిమితే దొరకలేదు. గోళ్ళతో లాగింది. గాలివానకు ఊడనిది గోళ్ళకు ఊడుతుందా? గొట్టాన్ని తడుముతున్న చేతికి పక్కనున్న రేకు మూత తగిలింది. లాగింది. ఇట్టే వచ్చేసింది.

"లే నాన్నా, లే. చిన్నదాంట్లో చూడు."

పళ్ళ కుర్చీలోంచి లేవడం మాటలు కాదు. ఆమె చంకల కింద చేతులేసి లాగింది, లోరాంట్ వెనక నుంచి ఎత్తాడు. నిలబడ్డాక మాత్రం ఆయనకు ఎవరూ దారి చూపక్కర్లేకపోయింది. అరచెయ్యి ఇత్తడి మీద ఆన్చి, మెడ వంచి, కన్ను సరిగ్గా తెచ్చి పెట్టాడు.

ఎమోకె ఆయన మొహంలోకి తొంగి చూసింది.

"నాన్నా?"

"ఉంది," అన్నాడు. "తెల్లటి జుట్టులా ఉందే. చివరి రోజుల్లో మీ అమ్మ పొద్దున్నే, తల దువ్వుకోకముందు ఉండేది చూడు, అలా."

నల్లటి చంద్రుడి పడమటి అంచు తెల్లబడుతోంది. ఎమోకె ఆయన తలను రెండు చేతులతో వెనక్కి లాక్కుని తన భుజానికి అదుముకుంది. మరుక్షణం వెలుగు భళ్ళున విరిగిపడింది. ఒడ్డున చప్పట్లు. ఎవరింట్లోనో కోడి కూసింది.

"అర నిమిషం చూశావా?" అంది.

"అంత కూడా లేదేమో."

"నేనే పాడు చేశాను నాన్నా. ఇన్నేళ్ళు నువ్వు కాచుకున్నదాన్ని నా చేతులతో నేనే పాడు చేశాను." ఆమె ఇక ఆపుకోలేదు, లోరాంట్ ముందే భోరుమంది.

కాల్మాన్ ఆమె వీపు నిమురుతూ నిలబడ్డాడు. "మళ్ళీ మన దేశంలో ఎప్పుడే?"

"రెండు వేల ఎనభై ఒకటిలో."

"అప్పుడు స్క్రూలు పెట్టకు," అన్నాడు. "మూత ఏదీ?"

అది ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉంది. రేకు అంచు అరచేతిలో గుండ్రంగా దిగబడింది. ఆమె అందించగానే ఆయన తడుముకుంటూ తనే దాన్ని తొడిగి, వేలితో నొక్కి చూసుకున్నాడు.