ఇస్త్రీ చేసిన పలకలు

కల్లూరులో హులిగెమ్మ ఇస్త్రీ కొట్టుకు పైన రేకు, ముందర బొగ్గుల పెట్టె. ఏప్రిల్‌లో ఒకసారి రేకు వేడికి కళ్లు తిరిగి పడింది. ఇంకోసారి పడితే లేవవు, మధ్యాహ్నాలు కొట్టు మూయమన్నాడు డాక్టరు. బట్టలు వచ్చేదే మధ్యాహ్నం. మూస్తే కొట్టు లేనట్టే.

ఎదురింటి యామిని కాలేజీలో పరిశోధన చేస్తుంది. ఆదోని పత్తి నుంచి సాలెపోగు కంటే సన్నని పోగులు తీసి, నీళ్లలో కలిపి గడ్డకట్టించి, ఆ మంచును కరగనీకుండా ఆవిరి చేస్తే తేలికైన పలక మిగులుతుంది. నూటికి తొంభైతొమ్మిది పాళ్లు గాలే. ఆ గాలి కదలదు, అందుకే వేడి సులభంగా దాటదు. దాని పేరు ఏరోజెల్. పేరుతో రేకు చల్లబడదు. ఏసీ గదిలో పరీక్ష నెగ్గింది. ఏసీ గదిలో ఏదైనా నెగ్గుతుంది.

యామిని పలకలు తెచ్చి, ఒకదాన్ని బొటనవేలితో అదిమి వదిలింది. పలక మళ్లీ లేచింది.

"చూడక్కా, ఎంత అదిమినా లేస్తాది. రేకు కింద కట్టుకో."

పలకల అంచులు వంకరగా ఉన్నాయి. వంకర చూస్తే హులిగెమ్మ చెయ్యి ఊరుకోదు. నీళ్లు చల్లి, బొగ్గుల్లేని పెట్టెతో రుద్దింది. అన్నీ అప్పడాల్లా చదునయ్యాయి. రేకు కింద చక్కగా కట్టింది.

మర్నాడు మధ్యాహ్నం యామిని వచ్చి థర్మామీటరు చూసింది. నలభై ఏడు. పైకి చూసింది.

"ఏం చేసినావక్కా?"

"ఇస్త్రీ చేసినా. ఎంత అదిమినా లేస్తాదంటివి."

"పొడిగా ఉంటే లేస్తాది. తడిస్తే పోగులు అతుక్కుంటాయి. గాలంతా పాయె. ఆరు నెలల పని అక్కా."

"నా చేతిలో పొద్దంతా నీళ్లే ఉంటాయి. ఆరు నెలల్లో ఒక్కసారి వచ్చి అడిగింటే చెప్తాంటి కదా పాపా. శానా దూరమేం కాదు, ఎదురిల్లే."

యామిని చదునైన పలకలు విప్పి తీసుకుపోయింది.

మూడు వారాలు మధ్యాహ్నాలు కొట్టు మూతపడింది. సగం ఇళ్లు వేరే కొట్టుకు మళ్లాయి. యామిని పోగులకు నీళ్లంటని పూత వేసి కొత్త పలకలు తెచ్చింది. ఈసారి ఏమీ చెప్పలేదు, చేతికిచ్చింది.

హులిగెమ్మ నీళ్లు చల్లింది. చుక్కలు చేమాకు మీద జారినట్టు జారాయి. పెట్టె పెట్టి అదిమి, తీసింది. పలక మెల్లగా లేచింది.

"ఇది మొండిది. కట్టు."

మధ్యాహ్నం రేకు కింద నలభై ఒకటి.

"బయట నీడలో ఎంతో అంతే వచ్చిందక్కా," అంది యామిని, చిన్నబోయి.

"నీడ చాలు," అని హులిగెమ్మ బొగ్గులు రాజేసింది.