నాలుగు బోల్టుల సీటు

జూన్ నెల వచ్చిందంటే చిత్తూరు జిల్లాలో స్కూలు బస్సులకు పెళ్ళికళ వస్తుంది. రంగు పడని బస్సు ఉండదు, నిమ్మకాయ తొక్కని టైరు ఉండదు. ఎఫ్‌సీకి, అంటే ప్రభుత్వం వారి ఫిట్‌నెస్ తనిఖీకి పోయే పూట మందుల పెట్టె, మంటలార్పే సిలిండరు అన్నీ తళతళలాడుతుంటాయి. ఆ పూట దాటాక వాటి గతి ఏమిటని మనమెవరమూ అడగం. పిల్లలను బస్సెక్కించి, చెయ్యి ఊపి, ఇంట్లోకి వచ్చేస్తాం.

బంగారుపాళ్యం దగ్గర ఒక ప్రైవేటు పాఠశాల బస్సుకు మునిశేఖర్ డ్రైవరు. పిల్లలను ఎక్కించి దించే ఆయా అతని భార్య వరదమ్మ. పదకొండేళ్ళుగా తమ బస్సులో ఒక్క బిడ్డ మోకాలు కూడా గీసుకోలేదని ఇద్దరికీ గర్వం. ఆ మాట నిజమే. కానీ ప్రమాదం జరిగితే పిల్లలు బయటపడడానికి వెనకవైపు పెట్టిన తలుపుకు అడ్డంగా ఆ బస్సులో ఒక సీటు ఉండేది. నలుగురు పిల్లలు ఎక్కువ పడతారని పాఠశాల యజమాని యోగానంద వేయించిన సీటు అది. ఏటా తనిఖీ రోజు పొద్దున చిత్తూరు పొలిమేరలో ఒక టీ అంగడి దగ్గర బస్సు ఆపి, భార్యాభర్తలు నాలుగు బోల్టులూ విప్పి ఆ సీటును దించేవారు. సర్టిఫికెట్ చేతికి రాగానే అక్కడే మళ్ళీ బిగించేవారు. మునిశేఖర్ పానా తిప్పుతుంటే వరదమ్మ రెండో కొస ఎత్తి పట్టుకునేది. తప్పు చేస్తున్నామని వాళ్ళకు ఏనాడూ తోచలేదు. బస్సుకు కర్పూరం వెలిగించడం ఎలాగో ఇదీ అలాగే, తనిఖీనాటి తంతు.

ఈ ఏడు జెస్సీ అనే కొత్త బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చింది. బ్రేకులు, టైర్లు చూసి, బస్సును ఒక చుట్టు తిప్పించి, చివర్లో ఆయా ఎవరని అడిగింది. ఇన్నేళ్ళలో ఆ తనిఖీ మైదానంలో వరదమ్మను పిలిచినవాళ్ళు లేరు. కొంగు సవరించుకుంటూ ముందుకు వచ్చింది.

"అమ్మా, ఇంజన్ దగ్గర మంట లేస్తే డ్రైవరు తన తలుపు తీసుకుని దిగేస్తాడు. వెనకుండే పిల్లలకు నువ్వే దిక్కు. ఆ వెనక తలుపు తీసి దిగి చూపించు" అంది జెస్సీ.

వరదమ్మ గడియ లాగింది. రాలేదు. కాలు తన్నిపెట్టి రెండోసారి లాగితే తలుపు కిర్రుమని తెరుచుకుంది. కుచ్చిళ్ళు దోపుకుని కిందికి దూకింది. చుట్టూ ఉన్న డ్రైవర్లు నవ్వారు కానీ ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు.

"పిల్లల్ని ఎట్లా దించుతావు?"

"నేను ముందు దూకి కింద నిలబడతాను మేడం. పెద్ద బిడ్డలు లోపల్నించి అందిస్తే, ఎల్కేజీ వాళ్లను చంకలు పట్టి దించుకుంటా. ఏడ్సే బిడ్డలు నలుగురుండారు. పేరు పెట్టి పిలిస్తే వాళ్లూ వస్తారు."

"పొద్దున్నించి ఇంత బాగా ఎవరూ చెప్పలేదమ్మా" అంటూ జెస్సీ తన కాగితంలో 'వెనుక తలుపు బాధ్యత: ఆయా వరదమ్మ' అని రాసి సంతకం పెట్టించుకుంది. సర్కారు కాగితంలో తన పనికి ఒక పేరు పడినందుకు వరదమ్మకు ఒళ్ళు పులకరించింది.

సర్టిఫికెట్ తీసుకుని వస్తూ, తిరుగుదారిలో టీ అంగడి దగ్గర మునిశేఖర్ పానా తీశాడు.

"పట్టుకో మే."

"పట్టను."

"ఏమాయ నీకు? ఏటేటా పట్టేదే గదా."

"ఏటేటా నన్నెవురూ అడగల్యా. ఈపొద్దు అడిగినారు, నేను జవాబు చెప్పినాను. ఇప్పుడు నా చేత్తోనే ఆ తలుపుకు సీటు అడ్డం పెడితే నేను చెప్పిందంతా అబద్దమే గదా."

"సారు ఇద్దరినీ పనిలోనించి తీసేస్తాడు. కూటికి యాడికి పోతాం?"

"ఆ గడియ ఎంత బిగుసుకోనుండాదో నువ్వూ చూసినావు. పదకొండేండ్లు ఏమీ కాలేదంటే అది మన గొప్ప కాదయ్యా. ఏమన్నా అయ్యుంటే ఆ నలభై మందినీ యాడనించి దించేవాళ్లం?"

మునిశేఖర్ పానాను పెట్టెలో పడేశాడు. యోగానందకు తానే ఫోన్ చేసి, సీటు బిగించడం లేదని చెప్పాడు.

గంటలో యోగానంద కారులో వచ్చాడు. "రేపట్నించి మీరిద్దరూ రావద్దు. వేరేవాళ్లను పెట్టుకుంటా" అన్నాడు.

వరదమ్మ చేతులు కట్టుకుంది. "అట్లే కానీండి సార్. ఒక్కసారి మీరా తలుపు తీసి చూడండి. తర్వాత మమ్మల్ని పంపించేయండి."

యోగానంద విసురుగా బస్సెక్కి గడియ లాగాడు. రెండు చేతులతో లాగాడు, చెమటలు పట్టాయి, తలుపు కదలలేదు. వరదమ్మ వచ్చి కాలు తన్నిపెట్టి తీసింది. తెరుచుకున్న తలుపులోంచి కింది రోడ్డు ఎంత లోతుందో ఆయన వంగి చూశాడు.

"గడియకు నూనె పెట్టించు శేఖరా. ఆ సీటులో పట్టే నలుగురు పిల్లలకు రెండో ట్రిప్పు తిప్పు" అని చెప్పి, ఎవరి ముఖమూ చూడకుండా కారెక్కాడు.

బడి తెరిచిన రోజు పొద్దున, తల్లిదండ్రులందరి ఎదుటా, వరదమ్మ బస్సులోని పిల్లలందరినీ వెనుక తలుపు గుండా దించింది. పేరు పెట్టి పిలిస్తే ఎల్కేజీ బిడ్డలు ఏడుపు ఆపి ఆమె చేతుల్లోకి వచ్చారు. ఇదేం కొత్త ఆట అని ఒక తండ్రి అడిగితే, "మా ఇంటామె నేర్పించే పాఠం అబ్బా" అన్నాడు మునిశేఖర్. పదకొండేళ్ళలో అతను అంత నిటారుగా నిలబడింది ఆ రోజే.

వరదమ్మ ఆఖరి బిడ్డను దించి, ఆ తండ్రి వైపు తిరిగింది.

"తనిఖీ అంటే ఆఫీసరు కోసం కాదు నాయనా, మన బిడ్డల కోసం. ఆ ఆఫీసరమ్మ ఏడాదికి ఒకనాడు చూస్తాది. తక్కిన దినాలన్నీ చూసుకోవాల్సింది మనమే."