మొన్ననే చూసినవ్ కదా

ఓడ దిగాక ఏం చెయ్యాలన్న మాట మొదట ఎత్తింది నేను. మా ఇంట్లో మంచి ఆలోచన ఎవరికి వచ్చినా వారం తిరిగేసరికి అది మా ఆయనదైపోతుంది కాబట్టి ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను.

మా ఆయన ఇక్బాల్ బ్యాంకులో రిటైరయ్యారు. ఆ సంబరానికి మధ్యధరా సముద్రంలో క్రూజ్ పెట్టుకున్నారు. రోమ్ దగ్గర రేవులో ఎక్కి బార్సిలోనాలో దిగడం. ఆయన, నేను, మా అబ్బాయి ఫైజ్. ఓడల మీద నాకు మోజేం లేదు. ఇండియా నుంచి వచ్చి స్థిరపడ్డ ఈ దేశంలో మా యీషున్ ఫ్లాట్‌లో వంటింటి కిటికీ తీస్తే రిజర్వాయర్ కనిపిస్తుంది, నాకు ఆ నీళ్లు చాలు. కానీ మ్యాపులో బార్సిలోనా మీద వేలు పెట్టి కాస్త పైకి జరిపితే లియోన్ వస్తుంది. లియోన్‌లో మా జుబేదా ఆపా ఉంది.

ఆపా అంటే అక్క. పేరుకు అక్క గానీ నల్గొండలో నన్ను చంకనేసుకుని పెంచింది ఆమే. ఆమెను యానాం అబ్బాయికిచ్చారు. వాళ్లది తాతల నాటి నుంచి ఫ్రెంచి కాగితాలున్న కుటుంబం, పెళ్లయిన ఏడాదికే దేశం దాటించారు. బావ పోయారు. ఆపా ఇప్పుడు కూతురు ఆనమ్ దగ్గర ఉంటోంది. షుగరు ముదిరి ముందు కిడ్నీలు పాడయ్యాయి, తరవాత చూపు పోయింది. ఇప్పుడు వెలుగూ చీకటీ కూడా తెలియదు. డయాలసిస్ మనిషి విమానం ఎక్కి రాలేదు. వెళ్తే నేనే వెళ్లాలి, ఆమె ఉండగానే వెళ్లాలి.

"ఓడ దిగి రైలెక్కితే మధ్యాహ్నానికి ఆపా ఇంట్ల ఉంటం. మారే పని కూడ లేదు, ఒకటే రైలు," అన్నాను ఆయనతో.

"మంచిగుంది. పోదాం," అన్నారు.

"ఏజెంట్‌కు చెప్పున్రి. వీసాల ఆపా ఇల్లు కూడ రాయాలె కద."

"చెప్త."

తరవాత అడిగితే "చెప్పిన" అన్నారు. నేను నమ్మాను. నమ్మడం నాకు అలవాటైపోయింది.

ఇంతకీ వీసా కావలసింది నాకొక్కదానికే. ఆయనా ఫైజూ ఎప్పుడో ఇక్కడి పౌరులయ్యారు, వాళ్లది ఎర్ర పాస్‌పోర్టు. యూరప్ వాళ్లకు పక్కింటి గుమ్మం లాంటిది, తోసుకుని పోవడమే. నన్ను మాత్రం ఇండియా పాస్‌పోర్టు మార్చుకోనివ్వలేదు. నల్గొండ దగ్గర పొలం నా పేరున కొన్నారు. పౌరసత్వం మారితే సాగుభూమి కొనడానికి ఇబ్బందట, ఇంకో రెండెకరాలు కలపాలని ఆయనకు ఆశ. "ఇంట్ల ఒక్కరన్న ఉండాలె," అన్నారు. ఆ ఒక్కరు నేను. పొలానికి నన్ను కాపలా పెట్టి వాళ్లిద్దరూ ప్రపంచం తిరుగుతారు.

క్రూజ్ టికెట్లు చేతికొచ్చాక ఇంట్లో ప్లానింగ్ మొదలైంది. మొదట అనుకున్నది లియోన్‌లో వారం. ఎవరో స్నేహితుడు మంచు కొండల ముందు తీయించుకున్న ఫోటో పంపాడు. "ఎట్లనూ అంత దూరం పోతున్నం కద," అని మా ఆయన స్విట్జర్లాండ్ చేర్చారు. లియోన్‌లో వారం కాస్తా మూడు రోజులైంది. మళ్లీ "ఎట్లనూ పోతున్నం కద" అని మిలాన్ చేర్చారు. అది ఒక్క రోజైంది. చివరికి ఫైజ్ లాప్‌టాప్‌లో నాకు చూపించిన దాంట్లో లియోన్ అంటే ఒక రైలు దిగి ఇంకో రైలు ఎక్కే మధ్యలో ఒక పూట. ఆయన మాత్రం ఏ రైల్లో ఏ కిటికీ పక్క కూర్చోవాలో అప్పుడే చోప్ చేసేశారు. ఇక్కడి ఫుడ్‌కోర్టుల్లో సీటు మాదే అని బల్ల మీద పడేసే టిష్యూ ప్యాకెట్ ఒక్కటే తక్కువ.

అయినా ఊరుకున్నాను. ఒక పూటైనా ఆపా చెయ్యి పట్టుకుని కూర్చుంటాను కదా అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక టికెట్లు కొనడానికి కూర్చున్నారు. ఫైజ్ పాస్‌పోర్టులు తెమ్మన్నాడు. తెచ్చాను. రెండు ఎర్రవి, ఒకటి నీలంది. వాడు నాది తెరిచి, వీసా దగ్గర ఆగి, రెండుసార్లు చదివాడు.

"అబ్బా, దిస్ ఈజ్ ఓన్లీ ఫర్ ద షిప్ లా. ఓడ దిగినంక అమ్మీకి రోజుల్లేవు," అన్నాడు వాళ్ల నాన్నతో.

"ఏది, ఇటు తే," అన్నారు ఆయన. చూశారు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చూశారు. తుడిస్తే రోజులు పెరుగుతాయా?

"ఏజెంట్‌కు చెప్పిన అన్నరు కద," అన్నాను.

"క్రూజ్ సంగతి చెప్పిన."

"ఆపా సంగతి?"

"అది చెప్తే అక్కడి నుంచి కాయితం తెప్పియ్యాలెనంట. మున్సిపాలిటీ ముద్ర గావాలెనంట. లేటైతదని..."

"నాతోని చెప్పిన అన్నరు!"

"చెప్దామనే అనుకున్న. అయినా రహమత్, గింత లొల్లి ఎందుకు చేస్తున్నవ్? మొన్ననే చూసినవ్ కదా మీ ఆపాను. అంత తొందరేముందిలే అనుకున్న."

మొన్న.

మా హైదరాబాద్ వాళ్ల ఉర్దూలో పర్సోం అన్నా, తెలుగులో మొన్న అన్నా ఒకటే రోగం. నిన్నటికి ముందు రోజు నుంచి నిజాం గద్దె మీద కూర్చున్న రోజు దాకా అంతా ఆ ఒక్క మాటలో పట్టిపోతుంది. మొన్న పెళ్లయింది, మొన్న పిల్లాడు పుట్టాడు, మొన్న ఫ్రిజ్ కొన్నాం. నేనూ వాడతాను, కాదనను. కానీ ఈయన గారి ఈ మొన్న ఏదో తెలుసా? మా అమ్మ మయ్యత్ నాడు. అమ్మను తీసుకెళ్లిపోయాక ఆపా గోడకానుకుని కూర్చుని, ఏడ్చి ఏడ్చి, సూదిలో తనే దారం ఎక్కించి నా చిరిగిన దుపట్టా కుట్టి ఇచ్చింది. సూదిలో దారం ఎక్కించింది! ఆ కళ్లు ఆ తరవాతే పోయాయి. అప్పుడు ఫైజ్‌కు మీసం కూడా రాలేదు. వాడు ఇక్కడ మగపిల్లలకు తప్పని మిలిటరీ సేవ ముగించి, చదువు ముగించి, ఉద్యోగంలో చేరి, ఇప్పుడు నాకు రైలు టికెట్లు కొంటున్నాడు. ఈ మనిషికి అది మొన్న.

మా ఇంట్లో మామూలు మాటలు ఉర్దూలో నడుస్తాయి, ఇక్కడ తెలుగు చేసి చెప్తున్నాను. ఉర్దూలో కోపమొస్తే నాకు మర్యాద అడ్డొస్తుంది. అందుకే తిట్టాలంటే నల్గొండ తెలుగులోకి దిగుతాను. ఆ రోజు బాగా దిగాను.

"ఫైజ్ అబ్బా! మీ చెల్లె జ్వరమొచ్చి పండుకుంటే మర్నాడే విమానమెక్కితిరి. అది మీకు తొందర. మా ఆపా చావుబతుకుల మధ్య ఉంటే మొన్న!"

"అరె, గట్టిగ ఒర్లకు. పక్కోళ్లు ఇంటరు."

"ఇననియ్యున్రి. పక్కింటి ఉదయశ్రీకి తెలుగొస్తది, మంచిగ అర్థమైతది."

ఫైజ్ లాప్‌టాప్ మూశాడు. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, సమస్యకు పరిష్కారం చెప్పారు. బ్యాంకులో ఇలాగే చెప్పేవారేమో, అందరూ తలలూపేవారేమో.

"సరే, అయిందేదో అయింది. నువ్వు బార్సిలోనాల ఫ్లైటెక్కి ఇంటికి రా. నేను, ఫైజ్ రైలుకు పోతం. హోటళ్లన్నీ బుక్ అయినయ్, వృథా ఎందుకు? నీ బదులు మేమే లియోన్ల దిగి ఆపాను చూసొస్తం. అక్కడి నుంచి నీకు వీడియో కాల్ చేపిస్త. నువ్వు ఆమెను చూడొచ్చు, ఆమె నిన్ను చూడొచ్చు."

ఫైజే అన్నాడు, చాలా నెమ్మదిగా. "అబ్బా. పెద్దమ్మీకి కళ్లు కనపడవు."

ఆయన ముఖం చూడాల్సింది. మరిచిపోయారు! మా ఆపా గుడ్డిదైపోయిందన్న సంగతి ఈ మనిషి మరిచిపోయారు. వారం వారం ఫోన్లో నేను ఆమెతో మాట్లాడుతుంటే పక్కనే కూర్చుని క్రికెట్ చూస్తారు. ఆమె "మున్నీ, ఈరోజు ఏం రంగు చీర కట్టినవ్, చెప్పు" అంటే నేను రంగులు చెప్తుంటాను, ఈయన టీవీ సౌండ్ పెంచుతారు. అంతా చెవులకు తగిలింది, మనసుకు ఒక్కటీ తగల్లేదు. నా ఒళ్లు మండిపోయింది. బల్ల మీద నుంచి నా నీలం పాస్‌పోర్టు తీసుకుని గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే సెరంగూన్ రోడ్డులో ఏజెంటు దగ్గరికి పోయాను. ఆమె పేరు తారాదేవి. తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్న తెలుగు వాళ్లు, మాటల్లో సగం తమిళం. సంగతి చెబితే నొచ్చుకుంది.

"సార్‌ని నేనే అడిగానక్కా, ఓడ దిగాక వేరే ఊరు ఏమైనా ఉందా అని. చుట్టాలు ఉన్నారా అని కూడా అడిగా. ఎవరూ లేరన్నారు."

ఎవరూ లేరు! ఆ మాట దగ్గర నాకు కోపం కూడా రాలేదు. తరవాత వచ్చింది కోపం, మామూలుగా కాదు.

"ఇప్పుడు ఏం చెయ్యొచ్చు, చెప్పమ్మా."

"ఈ వీసా వద్దని రాసిచ్చి, లియోన్‌కి కొత్తగా పెట్టాలి. వస్తుందని నమ్మకం. కానీ పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. అది తిరిగొచ్చేసరికి మీ ఓడ వెళ్లిపోయుంటుంది. ఓడో, అక్కో, ఒక్కటే అవుతుంది మరి."

ఆమె మెల్లగా ఆలోచించుకుని రమ్మంది. ఆలోచించడానికేముంది? అక్కడే సంతకం పెట్టాను. ఆనమ్‌కు ఫోన్ చేస్తే ఆ పిల్ల తమ మున్సిపాలిటీకి పోయి ముద్ర కాగితం తెచ్చి పంపింది. ఒక్క మాట కూడా విసుక్కోలేదు. ఈ పనికా మా ఆయన జడిసింది!

ఇంట్లో చెప్పినప్పుడు ఆయన మొదట నవ్వారు, బెదిరిస్తున్నానని. నిజమేనని తెలిశాక చిన్నబుచ్చుకున్నారు.

"నా రిటైర్మెంట్ ట్రిప్ ఇది. ఓడల అందరు జంటలు జంటలుగ ఉంటరు. భార్య ఏదంటే ఏం చెప్పాలె?"

"ఎవరూ లేరని చెప్పున్రి. ఆ మాట మీకు నోటికొచ్చిందే కద."

ఏజెంట్ చెప్పేసిందని అప్పుడు అర్థమైంది ఆయనకు. తల దించుకున్నారు. గొంతు తగ్గించి అన్నారు, "తప్పయింది, రహమత్. గని ఒక్కదానివి ఎట్ల పోతవ్? ఎప్పుడన్న ఒక్కదానివి పోయినవా?"

"పెళ్లయినప్పటి సంది మీ పక్కన ఒక్కదాన్నే పోతున్న. నాకు అలవాటే."

ఫైజ్ నాతో వస్తానన్నాడు. వద్దన్నాను. వాళ్ల అబ్బాను ఒంటరిగా వదిలితే ఓడలో తన గది తనకే దొరకదు, వాణ్ని ఆయనతోనే పొమ్మన్నాను. అంత కోపంలోనూ ఆయన బీపీ మాత్రలు నేనే సర్దాను. ఎందుకు సర్దానా అని నా మీద నాకే ఒళ్లు మండింది.

వాళ్లు వెళ్లారు. ఓడ మీద నుంచి ఫోటోలు వస్తూనే ఉన్నాయి. ఎండ టోపీ పెట్టుకుని మా ఆయన ఒక్కరే కుర్చీలో, పక్క కుర్చీ ఖాళీ. జాలి పడాలని పంపారేమో. పడలేదు. వాళ్లు ఇంకా సముద్రం మీద ఉండగానే తారాదేవి ఫోన్ చేసింది, వీసా వచ్చింది. లియోన్ ఒక్క ఊరి పేరు మీద, ఆపా ఇంటి అడ్రసు మీద వచ్చింది. పారిస్‌కు విమానం టికెట్ కొన్నాను. ఆ విమానాశ్రయం కిందనే రైలు స్టేషన్ ఉందట, అక్కడ ఎక్కితే నేరుగా లియోన్. ఆ రైలు టికెట్ నేనే, నా చేత్తో, నా ఫోన్లో కొన్నాను.

వెంటనే ఆపాకు ఫోన్ చేశాను. వీసా సంగతి, మొన్న సంగతి, ఎవరూ లేరన్న సంగతి, మిలాన్, స్విట్జర్లాండ్, అన్నీ వరసపెట్టి చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నది. ఊపిరి తిరగక నేనే ఆగాను.

"ఇవన్నీ గాదు మున్నీ. రైలెప్పుడు దిగుతవ్?" అంది.

చెప్పాను.

"దిగిన కాడనే నిలబడు. ఎటూ కదలకు. ఆనమ్‌ను పట్టుకొని నేనే స్టేషన్‌కు వస్త."

"నువ్వెందుకు ఆపా ఆ గుంపుల? నీకు నేను యాడ కనప..." నాలుక కరుచుకున్నాను.

ఆపా నవ్వింది, దగ్గుతూ నవ్వింది.

"దిగినంక ఎవర్నన్న గట్టిగ తిట్టు. నల్గొండ తెలుగుల తిట్టు. ఆ ఊర్ల ఇంకెవరు తిడ్తరు? నేను దొరకబట్టుకుంట నిన్ను."